ఒకే జాబ్‌కు పలు క్రెడెన్షియల్స్: ఏడబ్ల్యూఎక్స్‌లో అమర్చుకునే విధానం

సర్వర్ల నిర్వహణను అన్సిబుల్ అనే ఆటోమేషన్ సాధనంతో చేసే జట్లలో ప్లేబుక్ (చేయవలసిన పనుల వరుసను చెప్పే ఫైలు) రాయడం కంటే, ఆ ప్లేబుక్‌కు అవసరమైన పాస్‌వర్డ్‌లను, తాళంచెవులను, టోకెన్లను భద్రంగా అందించడమే తరచుగా పెద్ద పని అవుతుంది. సొంత ల్యాప్‌టాప్ నుంచి నడిపినంత కాలం ఎస్‌ఎస్‌హెచ్ కీ మన హోమ్ డైరెక్టరీలో ఉంటుంది, క్లౌడ్ కీలు ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌లో ఉంటాయి, రహస్య ఫైళ్లను ఎన్‌క్రిప్ట్ చేసే అన్సిబుల్ వాల్ట్ పాస్‌వర్డ్ మనకు గుర్తుంటుంది. అదే ప్లేబుక్‌ను పదిమంది నడపవలసి వచ్చినప్పుడు, లేదా అర్ధరాత్రి ఎవరూ లేని సమయంలో దానంతట అదే నడవవలసి వచ్చినప్పుడు, ఆ రహస్యాలన్నీ ఒక కేంద్రంలో ఉండాలి. వాటిని వాడే అవకాశం ఇవ్వాలి కానీ చూసే అవకాశం ఇవ్వకూడదు. అన్సిబుల్‌ను వెబ్ తెర నుంచి నడిపే ఏడబ్ల్యూఎక్స్‌లోనూ, దాని ఆధారంగా రెడ్ హ్యాట్ అందించే ఆటోమేషన్ కంట్రోలర్‌లోనూ క్రెడెన్షియల్స్ అనే ఏర్పాటు ఉన్నది ఇందుకే. ఇదివరకు అన్సిబుల్ టవర్ అని పిలిచినది ఈ కంట్రోలర్‌నే. ఒక జాబ్‌కు, అంటే ప్లేబుక్‌ను ఒకసారి నడపడానికి, ఒకటి కాక మూడు నాలుగు క్రెడెన్షియల్స్ కావలసి వచ్చినప్పుడు వాటిని ఎలా తయారు చేయాలో, ఎలా జత చేయాలో, ఎక్కడ జాగ్రత్త పడాలో ఈ వ్యాసంలో వరుసగా చూద్దాం.

చర్చ గాలిలో సాగకుండా ఒక పనిని ఉదాహరణగా తీసుకుందాం. అమెజాన్ క్లౌడ్ అయిన ఏడబ్ల్యూఎస్‌లో నడుస్తున్న ఒక వెబ్ అప్లికేషన్‌ను కొత్త వెర్షన్‌కు మార్చాలి. ప్లేబుక్ ముందుగా ఒక సర్వర్‌ను, రద్దీని సర్వర్లకు పంచే లోడ్ బ్యాలన్సర్ నుంచి తప్పిస్తుంది. మానిటరింగ్ సాధనానికి ఒక ఏపీఐ పిలుపు పంపి, కాసేపు అలర్ట్‌లు పంపవద్దని చెబుతుంది. తరువాత ఎస్‌ఎస్‌హెచ్ ద్వారా సర్వర్‌లోకి వెళ్లి, సుడో (అడ్మినిస్ట్రేటర్) హక్కులతో కొత్త ప్యాకేజీని అమర్చి, వాల్ట్‌తో ఎన్‌క్రిప్ట్ చేసిన ఫైలులోని డేటాబేస్ పాస్‌వర్డ్‌ను కాన్ఫిగరేషన్‌లో రాసి, సర్వీసును తిరిగి ప్రారంభిస్తుంది. చివరకు సర్వర్‌ను లోడ్ బ్యాలన్సర్‌లో మళ్లీ చేరుస్తుంది.

ముందు కాగితం మీద లెక్క తేల్చుకోండి

తెర ముందు కూర్చోకముందే, మీ ప్లేబుక్ ఎవరెవరి తలుపు తడుతుందో రాసుకోండి. పై ఉదాహరణలో నాలుగు తలుపులున్నాయి: లినక్స్ సర్వర్లు, ఏడబ్ల్యూఎస్ ఖాతా, వాల్ట్ ఫైలు, మానిటరింగ్ సాధనం. మొదటిదానికి మెషీన్ రకం క్రెడెన్షియల్, రెండోదానికి అమెజాన్ వెబ్ సర్వీసెస్ రకం, మూడోదానికి వాల్ట్ రకం సరిపోతాయి. నాలుగోదానికి సిద్ధంగా ఉన్న రకం లేకపోతే మనమే ఒక రకాన్ని సృష్టించాలి.

ఈ లెక్కలో జాబ్ టెంప్లేట్‌కు (ఏ ప్లేబుక్‌ను ఏ సర్వర్లపై, ఏ క్రెడెన్షియల్స్‌తో నడపాలో చెప్పే అమరికకు) సంబంధం లేనివి కొన్ని తరచుగా కలిసిపోతుంటాయి. ప్లేబుక్‌లు ఉన్న గిట్ రిపాజిటరీని చదవడానికి కావలసిన సోర్స్ కంట్రోల్ క్రెడెన్షియల్‌ను, ఏడబ్ల్యూఎక్స్‌లో ఆ రిపాజిటరీని సూచించే ప్రాజెక్ట్‌కు ఇవ్వాలి. కలెక్షన్లను (అన్సిబుల్ మాడ్యూళ్ల పొట్లాలను) దింపుకోవడానికి కావలసిన గెలాక్సీ లేదా ఆటోమేషన్ హబ్ టోకెన్‌ను ఆర్గనైజేషన్‌కు (యూజర్లను, జట్లను, ప్రాజెక్ట్‌లను కలిపి ఉంచే విభాగానికి) ఇవ్వాలి. ప్లేబుక్ నడిచే కంటెయినర్ అయిన ఎగ్జిక్యూషన్ ఎన్విరాన్‌మెంట్ ఇమేజ్‌ను తెచ్చుకోవడానికి కావలసిన కంటెయినర్ రిజిస్ట్రీ క్రెడెన్షియల్‌ను ఆ ఎన్విరాన్‌మెంట్‌కే ఇవ్వాలి. క్లౌడ్ నుంచి సర్వర్ల జాబితా తెచ్చే ఇన్వెంటరీ సోర్స్‌కు కూడా తన క్రెడెన్షియల్ విడిగా ఉంటుంది. దానికి ఇచ్చిన కీ జాబ్ నడిచేటప్పుడు ప్లేబుక్‌కు అందదు. ఇన్వెంటరీ చక్కగా నిండుతోంది కదా, లోడ్ బ్యాలన్సర్ పని మాత్రం ఎందుకు విఫలమవుతోందని ఆశ్చర్యపోయేవారు మొదట చూడవలసింది ఇక్కడే.

మూల నియమం

పలు క్రెడెన్షియల్స్ విషయంలో గుర్తుంచుకోవలసిన నియమం ఒకటే: ఒక జాబ్ టెంప్లేట్‌కు ఎన్ని రకాల క్రెడెన్షియల్స్ అయినా జత చేయవచ్చు, అయితే ఒక్కొక్క రకం నుంచి ఒక్కటే ఉండాలి. దీనికి ఒకే మినహాయింపు వాల్ట్ రకం. వాల్ట్ ఐడీలు వేరువేరుగా ఉన్నంత వరకు ఎన్ని వాల్ట్ క్రెడెన్షియల్స్ అయినా జత చేసుకోవచ్చు. పాత టవర్‌లో మెషీన్‌కు ఒక గడి, వాల్ట్‌కు ఒక గడి, మిగతావాటికి వేరే జాబితా ఉండేవి. 2018లో వచ్చిన టవర్ 3.3 నుంచి అవన్నీ ఒకే జాబితాగా మారాయి. పాత వెర్షన్‌కు రాసిన స్క్రిప్టులు మీ దగ్గర ఇంకా ఉంటే, అవి విడివిడి గడులను ఆశిస్తున్నాయేమో చూసి, క్రెడెన్షియల్స్ జాబితాను పంపే విధంగా మార్చండి.

ఇద్దరు మెషీన్ యూజర్లను, లేదా రెండు ఏడబ్ల్యూఎస్ ఖాతాలను ఒకే టెంప్లేట్‌కు జత చేయబోతే సిస్టమ్ వెంటనే తిరస్కరిస్తుంది. ఈ అడ్డంకిని దాటే మార్గాలున్నాయి. వాటి దగ్గరకు తరువాత వద్దాం.

తొలి రెండు క్రెడెన్షియల్స్

ఎడమవైపు మెనూలో క్రెడెన్షియల్స్ పేజీకి వెళ్లి కొత్తది జోడించండి. పేరు పెట్టేటప్పుడు వాతావరణం, వ్యవస్థ, యూజర్ మూడూ తెలిసేలా పెట్టండి. "లినక్స్ కీ" అని పెడితే ఆరు నెలల తరువాత అలాంటివే నాలుగు కనిపిస్తాయి, ఏది దేనికో ఎవరికీ తెలియదు. "ప్రొడక్షన్, వెబ్ సర్వర్లు, డిప్లాయ్ యూజర్" అని పెడితే టెంప్లేట్ తయారు చేసేవారు పొరబడే అవకాశం తగ్గుతుంది. వివరణ గడిలో ఆ కీకి బాధ్యత ఏ జట్టుదో, దానిని మార్చే పద్ధతి ఏమిటో రాయండి. ఆర్గనైజేషన్ గడిని ఖాళీగా వదలవద్దు. ఆర్గనైజేషన్ లేని క్రెడెన్షియల్ వ్యక్తిగతమైనదవుతుంది, దానిని జట్టుతో పంచుకోవడం కుదరదు.

మెషీన్ రకంలో యూజర్ పేరు, ఎస్‌ఎస్‌హెచ్ ప్రైవేట్ కీ, కీకి పాస్‌ఫ్రేజ్ ఉంటే అది, హక్కులు పెంచుకునే పద్ధతిగా సుడో, అవసరమైతే సుడో పాస్‌వర్డ్ నింపండి. కీని అతికించేటప్పుడు మొదటి, చివరి గీతల పంక్తులు కూడా చేరాయో లేదో చూసుకోండి. ఏడబ్ల్యూఎస్ రకంలో యాక్సెస్ కీ, సీక్రెట్ కీ ఇస్తే చాలు; ఎస్‌టీఎస్ (ఏడబ్ల్యూఎస్‌లో తాత్కాలిక కీలిచ్చే సేవ) టోకెన్ తాత్కాలిక కీలకు మాత్రమే. ఒక సూక్ష్మం ఉంది. మీ ఏడబ్ల్యూఎక్స్ ఏడబ్ల్యూఎస్‌లోనే నడుస్తూ, ఆ యంత్రానికి ఇచ్చిన ఐఏఎమ్ రోల్ (ఏడబ్ల్యూఎస్ అనుమతుల పాత్ర) ద్వారానే క్లౌడ్ ఏపీఐని చేరాలని మీరు అనుకుంటే, టెంప్లేట్‌కు ఏడబ్ల్యూఎస్ క్రెడెన్షియల్‌ను జత చేయకండి. జత చేస్తే దానిలోని కీలే వాడుకలోకి వస్తాయి, రోల్ వంతు ఎప్పటికీ రాదు.

నెట్‌వర్క్ పరికరాలతో పనిచేసేవారికి ఒక మాట. నెట్‌వర్క్ అనే రకం కనిపించగానే స్విచ్‌లకు అదే ఎంచుకోవాలనిపిస్తుంది. అది లోకల్ కనెక్షన్‌తో, ప్రొవైడర్ పద్ధతిలో రాసిన పాత ప్లేబుక్‌లకు ఉద్దేశించినది. ఇప్పుడు వాడుకలో ఉన్న నెట్‌వర్క్ సీఎల్ఐ కనెక్షన్‌కు యూజర్ పేరు, పాస్‌వర్డ్ మెషీన్ రకం నుంచే అందాలి.

వాల్ట్ క్రెడెన్షియల్స్: ఒకటికి మించి అవసరమైనప్పుడు

డెవలప్‌మెంట్ రహస్యాలకు, ప్రొడక్షన్ రహస్యాలకు ఒకే వాల్ట్ పాస్‌వర్డ్ వాడటం మంచి పద్ధతి కాదు. ఆ పాస్‌వర్డ్ డెవలపర్లందరికీ తెలిసి ఉంటుంది కాబట్టి, ప్రొడక్షన్ డేటాబేస్ పాస్‌వర్డ్ కూడా వారందరికీ తెలిసినట్లే. అన్సిబుల్ 2.4 నుంచి వాల్ట్ ఐడీ అనే లేబుల్‌తో వేరువేరు పాస్‌వర్డ్‌లు వాడే వీలు వచ్చింది. ఫైలును ఎన్‌క్రిప్ట్ చేసేటప్పుడే ఆ లేబుల్ ఇవ్వాలి.

ఏ ఫైలుకు ఏ లేబుల్ ఉందో తెలుసుకోవడానికి పాస్‌వర్డ్ అక్కరలేదు. ఎన్‌క్రిప్ట్ అయిన ఫైలును మామూలు ఎడిటర్‌లో తెరిచి మొదటి పంక్తి చూడండి. డాలర్ గుర్తుతో మొదలై, సెమీకోలన్లతో విడదీసిన భాగాలు అక్కడ కనిపిస్తాయి: ఇది అన్సిబుల్ వాల్ట్ అని ఒక మాట, ఆ తరువాత ఫార్మాట్ సంఖ్య, ఆపైన ఎన్‌క్రిప్షన్ పద్ధతి. లేబుల్ లేకుండా చేసిన ఫైలులో ఆ సంఖ్య 1.1 అని ఉండి, పంక్తి ఎన్‌క్రిప్షన్ పద్ధతితో ముగుస్తుంది. లేబుల్ ఇచ్చి చేసిన ఫైలులో సంఖ్య 1.2 అవుతుంది, పంక్తి చివర మీరు ఇచ్చిన లేబుల్ యథాతథంగా కనిపిస్తుంది. రిపాజిటరీలోని వాల్ట్ ఫైళ్లన్నిటి మొదటి పంక్తులను ఒకసారి ఇలా చూసుకుంటే, ఎన్ని వాల్ట్ క్రెడెన్షియల్స్ తయారు చేయాలో ఖచ్చితంగా తేలిపోతుంది.

ఇప్పుడు ఏడబ్ల్యూఎక్స్‌లో ఒక్కొక్క లేబుల్‌కు ఒక వాల్ట్ క్రెడెన్షియల్ తయారు చేసి, వాల్ట్ ఐడీ గడిలో అదే లేబుల్‌ను అక్షరం తేడా లేకుండా రాయండి. లేబుల్ లేని పాత ఫైళ్లు ఉంటే, ఐడీ గడిని ఖాళీగా వదిలిన వాల్ట్ క్రెడెన్షియల్ ఒకటి అదనంగా ఉండవచ్చు. ఐడీని నిదానంగా ఆలోచించి రాయండి. ఒకసారి భద్రపరిచాక దానిని మార్చనివ్వదు, కొత్త క్రెడెన్షియల్ చేసుకోవలసిందే.

ఇక్కడ చాలామందికి ఉండే ఒక అపోహను తొలగించాలి. లేబుల్ వేరు కాబట్టి ఒక పాస్‌వర్డ్ రెండో లేబుల్ ఫైలుపై ప్రయోగానికి రాదని అనుకుంటారు. అన్సిబుల్ సహజ ప్రవర్తన అలా ఉండదు. అది ముందుగా లేబుల్ కలిసిన పాస్‌వర్డ్‌తో ప్రయత్నిస్తుంది, అది కుదరకపోతే తన దగ్గరున్న మిగతా పాస్‌వర్డ్‌లన్నిటితోనూ ప్రయత్నిస్తుంది. లేబుల్ తప్పకుండా కలవాలని కోరే అమరిక అన్సిబుల్ కాన్ఫిగరేషన్‌లో ఉంది కానీ, మీరు మార్చేవరకు అది అమలులో ఉండదు. అందువల్ల రక్షణ లేబుల్‌లో లేదు. పాస్‌వర్డ్‌లు వేరుగా ఉండటంలోనూ, ప్రొడక్షన్ వాల్ట్ క్రెడెన్షియల్‌ను డెవలప్‌మెంట్ టెంప్లేట్‌కు జత చేయకపోవడంలోనూ ఉంది.

జాబ్ వాల్ట్ దగ్గర ఆగిపోతే, వచ్చిన సందేశాన్ని జాగ్రత్తగా చదవండి. వాల్ట్ రహస్యాలేవీ అందలేదని అంటే, టెంప్లేట్‌కు వాల్ట్ క్రెడెన్షియల్‌నే జత చేయలేదని అర్థం. రహస్యాలు ఉన్నాయి కానీ డీక్రిప్ట్ చేయగలిగినది లేదని అంటే, జత చేసినవాటిలో సరైన పాస్‌వర్డ్ లేదని అర్థం. రెండింటికీ పరిష్కారాలు వేరు.

మన సొంత క్రెడెన్షియల్ రకం

మానిటరింగ్ సాధనం టోకెన్‌ను వాల్ట్ ఫైలులో పెట్టి పని గడుపుకోవచ్చు. అయితే అప్పుడు ఆ టోకెన్ మారిన ప్రతిసారీ రిపాజిటరీలో మార్పు చేయాలి, దానిని ఎవరు వాడుతున్నారనే లెక్క ఎక్కడా ఉండదు. సొంత రకం తయారు చేయడం అరగంట పని, దాని ప్రయోజనం ఏళ్ల తరబడి ఉంటుంది. కాబట్టి నా సలహా రెండోదే.

కొత్త రకాన్ని తయారు చేయడానికి సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్ హక్కు కావాలి. క్రెడెన్షియల్ టైప్స్ పేజీలో రెండు పెద్ద గడులుంటాయి. మొదటిది ఇన్‌పుట్: క్రెడెన్షియల్ నింపేవారికి ఏ గడులు కనిపించాలో ఇక్కడ చెబుతాం. రెండోది ఇంజెక్టర్: నింపిన విలువలు జాబ్‌కు ఏ రూపంలో అందాలో అక్కడ చెబుతాం. రెండూ యామల్‌లో గానీ జేసన్‌లో గానీ రాయవచ్చు.

ఇన్‌పుట్ భాగంలో ఫీల్డ్స్ అనే జాబితా కింద రెండు గడులను నిర్వచించండి. మొదటిది సాధనం వెబ్ చిరునామా. దానికి ఒక ఐడీ, తెరపై కనిపించే లేబుల్, స్ట్రింగ్ అనే టైప్ ఇవ్వండి. రెండోది టోకెన్, దానికి ఈ మూడింటితోపాటు సీక్రెట్ అనే లక్షణాన్ని ట్రూ అని పెట్టండి. ఆ లక్షణం ఉన్న గడి మాత్రమే డేటాబేస్‌లో ఎన్‌క్రిప్ట్ అవుతుంది, తెర మీద దాగి ఉంటుంది. దానిని మరచిపోతే టోకెన్ అందరికీ కనిపించే మామూలు విలువగా మిగిలిపోతుంది. తరువాత రిక్వయిర్డ్ అనే జాబితాలో రెండు ఐడీలనూ చేర్చితే, ఏదీ ఖాళీగా వదలడం సాధ్యం కాదు. సర్టిఫికెట్ లాంటి పలు పంక్తుల విలువకు మల్టీలైన్ అనే లక్షణం కూడా ఉంది. ఈ మాటలన్నీ గడిలో ఆంగ్లంలో, చిన్న అక్షరాల్లోనే (లోయర్ కేస్) టైపు చేయాలి.

ఇంజెక్టర్ భాగంలో మూడు దారులున్నాయి: ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్, ఎక్స్‌ట్రా వేరియబుల్, తాత్కాలిక ఫైలు. ఒక్కొక్క దారిలోనూ ఇన్‌పుట్ ఐడీని జంట మీసాల బ్రాకెట్లలో పెట్టి, దాని విలువ ఎక్కడ చేరాలో సూచిస్తాం. టోకెన్‌కు ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ దారి బాగుంటుంది; ప్లేబుక్‌లో లుకప్‌తో దానిని చదువుకోవచ్చు. ఎక్స్‌ట్రా వేరియబుల్ దారి సులభమే కానీ, అన్సిబుల్‌లో ఎక్స్‌ట్రా వేరియబుల్స్‌కు అన్నిటికంటే ఎక్కువ ప్రాధాన్యం ఉంటుంది కాబట్టి, అదే పేరుతో ఇన్వెంటరీలో గానీ అన్సిబుల్ రోల్‌లో గానీ ఉన్న విలువను అది నిశ్శబ్దంగా తోసిపుచ్చుతుంది. సర్టిఫికెట్, కాన్ఫిగరేషన్ వంటివాటికి ఫైలు దారి వాడండి. ఆ ఫైలు జాబ్ కోసం తయారై, జాబ్ ముగిశాక తొలగిపోతుంది. దాని చోటు ప్రతి జాబ్‌కూ మారుతుంది కాబట్టి, చిరునామాను ప్లేబుక్‌లో నేరుగా రాయకుండా ఒక ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో పెట్టి అందించండి.

పేర్ల విషయంలో రెండు జాగ్రత్తలు. ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ పేరు అన్సిబుల్ అనే మాటతో మొదలుకాకూడదు. అలాంటి పేర్లు అన్సిబుల్ అమరికలనే మార్చగలవు కాబట్టి సిస్టమ్ వాటిని అనుమతించదు. ఇంకా ముఖ్యమైనది, ఒకే టెంప్లేట్‌కు జత కాగల రెండు రకాలు ఒకే పేరుతో వేరియబుల్‌ను ఇవ్వకూడదు. ఇచ్చాయంటే ఏది నిలుస్తుందనే దానిపై ఆధారపడకూడదు. "టోకెన్", "పాస్‌వర్డ్" వంటి బోడి పేర్లు కాకుండా, సాధనం పేరును ముందు చేర్చిన పేర్లు పెట్టడం అలవాటు చేసుకోండి.

రకం సిద్ధం చేసిన వెంటనే దానితో పదుల క్రెడెన్షియల్స్ తయారు చేయకండి. ముందు ఒక్కటి చేసి, ఒక చిన్న ప్లేబుక్‌తో పరీక్షించండి. ఎందుకంటే, ఒక రకంతో ఒక్క క్రెడెన్షియల్ ఉన్నా ఆ రకం ఇన్‌పుట్ భాగాన్ని మార్చడానికి, ఆ రకాన్ని తొలగించడానికి వీలుండదు. పరీక్షించే ప్లేబుక్ విలువను తెర మీద ముద్రించకూడదు. వేరియబుల్ పొడవు సున్నా కాదని నిర్ధారించుకుంటే చాలు. అసలు ప్లేబుక్‌లోనూ రహస్యాన్ని వాడే ప్రతి టాస్క్‌కు నో లాగ్ లక్షణం పెట్టండి. లేకపోతే టాస్క్ విఫలమైనప్పుడు దాని వివరాలతోపాటు టోకెన్ కూడా జాబ్ అవుట్‌పుట్‌లో కనిపించవచ్చు. ఆ అవుట్‌పుట్‌ను చదివే హక్కు, క్రెడెన్షియల్ హక్కు లేని చాలామందికి కూడా ఉంటుంది.

టెంప్లేట్‌కు జత చేయడం

జాబ్ టెంప్లేట్‌ను తెరిచి, క్రెడెన్షియల్స్ గడి పక్కనున్న భూతద్దాన్ని నొక్కండి. పైన రకాన్ని ఎంచుకునే జాబితా, కింద ఆ రకానికి చెందిన క్రెడెన్షియల్స్ కనిపిస్తాయి. మెషీన్ నుంచి ఒకటి ఎంచుకుని, రకాన్ని ఏడబ్ల్యూఎస్‌కు మార్చి మరొకటి, వాల్ట్‌కు మార్చి కావలసినన్ని, చివరకు మన సొంత రకం నుంచి ఒకటి ఎంచుకోండి. ఏపీఐతో చేసేవారు టెంప్లేట్ కింద ఉండే క్రెడెన్షియల్స్ చిరునామాకు ఒక్కొక్క ఐడీని పంపి జత చేయవచ్చు. డిసోసియేట్ అనే సూచనతో పంపితే అది విడిపోతుంది.

వెబ్ తెరపై రెండు టెంప్లేట్లకు జత చేయడం తేలికే. యాభై టెంప్లేట్లు ఉన్నప్పుడు ఏడబ్ల్యూఎక్స్ కలెక్షన్‌లోని జాబ్ టెంప్లేట్ మాడ్యూల్‌తో ఆ అమరికను కూడా ప్లేబుక్‌గా రాసి, గిట్‌లో ఉంచుకోండి. ఏ టెంప్లేట్‌కు ఏవి జతై ఉండాలో ఒక ఫైలులో స్పష్టంగా కనిపిస్తుంది, ఎవరైనా పొరపాటున మార్చినా తిరిగి సరిచేయవచ్చు. రహస్యాల విలువలను మాత్రం ఆ ఫైలులో రాయకూడదు, పేర్లు చాలు.

ఒకే రకం రెండు కావలసి వస్తే

రెండు ఏడబ్ల్యూఎస్ ఖాతాలను తాకే పని ఉందనుకుందాం: ఒక ఖాతాలో సర్వర్లు, మరొక ఖాతాలో డీఎన్ఎస్. నియమం ప్రకారం రెండు ఏడబ్ల్యూఎస్ క్రెడెన్షియల్స్ ఒకే టెంప్లేట్‌లో చేరవు. మూడు దారులున్నాయి.

నేను మొదట సిఫారసు చేసేది వర్క్‌ఫ్లో. పనిని రెండు టెంప్లేట్లుగా విడదీసి, ఒక్కొక్కదానికి తన ఖాతా క్రెడెన్షియల్ ఇచ్చి, వర్క్‌ఫ్లోలో ఒకదాని తరువాత ఒకటి నడిచేలా కలపండి. మొదటి జాబ్ నుంచి రెండోదానికి అందవలసిన సమాచారాన్ని సెట్ స్టాట్స్ మాడ్యూల్‌తో పంపవచ్చు. ఏ జాబ్ దగ్గరా తనకు అవసరం లేని కీ ఉండదు, వైఫల్యం ఎక్కడ జరిగిందో వెంటనే తెలుస్తుంది.

రెండో దారి, ఒకే క్రెడెన్షియల్‌తో వచ్చి, ప్లేబుక్‌లో ఎస్‌టీఎస్ ద్వారా రెండో ఖాతా రోల్‌ను తాత్కాలికంగా స్వీకరించడం. ఖాతాల మధ్య నమ్మకపు సంబంధం ఏర్పాటై ఉన్న చోట ఇది చాలా శుభ్రమైన పద్ధతి, శాశ్వత కీల సంఖ్య కూడా తగ్గుతుంది. మూడోది, వేరే వేరియబుల్ పేర్లతో రెండో ఖాతాకు సొంత రకం తయారు చేసి, సంబంధిత టాస్క్‌లకు కీలను ప్లేబుక్‌లో విడిగా అందించడం. ఇది పనిచేస్తుంది కానీ, ఏ టాస్క్‌కు ఏ కీ అనే బాధ్యత ప్లేబుక్ రాసేవారి మీద పడుతుంది. ఒక్క టాస్క్‌కు ఇవ్వడం మరచినా అది మొదటి ఖాతాలో పని చేసేస్తుంది. హైదరాబాద్ నుంచి పలువురు విదేశీ ఖాతాదారుల వ్యవస్థలను ఒకే చోట నిర్వహించే జట్లకు ఇది ఊహామాత్రమైన ప్రమాదం కాదు. అలాంటి చోట ఖాతాదారుకు ఒక ఆర్గనైజేషన్ విడిగా ఉంచడం, టెంప్లేట్లను విడదీయడం తప్పనిసరి అని నా అభిప్రాయం.

మెషీన్ రకానికీ ఇదే ఆలోచన. లినక్స్, విండోస్ సర్వర్లను ఒకే ప్లేబుక్ తాకవలసి వస్తే వర్క్‌ఫ్లోగా విడదీయడం మేలు. విడదీయలేని పరిస్థితిలో, ఒక సమూహానికి మెషీన్ క్రెడెన్షియల్ వాడి, రెండో సమూహానికి యూజర్ పేరును, వాల్ట్‌తో ఎన్‌క్రిప్ట్ చేసిన పాస్‌వర్డ్‌ను గ్రూప్ వేరియబుల్స్‌లో పెట్టవచ్చు.

ప్రారంభించేటప్పుడు ఎంచుకోనివ్వాలా?

క్రెడెన్షియల్స్ గడి పక్కన ప్రాంప్ట్ ఆన్ లాంచ్ అనే ఎంపిక ఉంటుంది. దానిని పెడితే జాబ్‌ను ప్రారంభించేవారు క్రెడెన్షియల్‌ను మార్చుకోవచ్చు. ఒకే టెంప్లేట్‌ను స్టేజింగ్‌కూ ప్రొడక్షన్‌కూ వాడాలని దీన్ని పెడుతుంటారు. అయితే ఇన్వెంటరీ స్టేజింగ్‌ది, వాల్ట్ ప్రొడక్షన్‌ది ఎంచుకునే పొరపాటుకు అది తలుపు తెరుస్తుంది. రెండు టెంప్లేట్లు ఉంచడం వల్ల వచ్చే శ్రమ ఆ పొరపాటు వల్ల వచ్చే నష్టం ముందు ఎంతో చిన్నది.

దానిని పెట్టవలసి వస్తే ఇది తెలుసుకోండి: ప్రారంభించేటప్పుడు మీరు పంపే జాబితాలో, టెంప్లేట్‌లో ముందే ఉన్న ప్రతి రకానికీ ఒకటి ఉండాలి. ఒక రకాన్ని వేరొకదానితో మార్చవచ్చు కానీ, బదులు ఇవ్వకుండా తీసివేయడం కుదరదు. ఏపీఐ ద్వారా ఒక్క కొత్త క్రెడెన్షియల్ ఐడీని మాత్రమే పంపి, మిగతావి వాటంతట అవే ఉంటాయనుకున్నవారికి తిరస్కారం ఎదురయ్యేది ఇందువల్లనే. మొత్తం జాబితాను పంపాలి.

పాస్‌వర్డ్ గడికి కూడా విడిగా ప్రాంప్ట్ ఎంపిక ఉంది. అంటే క్రెడెన్షియల్ ఉంటుంది కానీ, పాస్‌వర్డ్‌ను ప్రతిసారీ మనిషి టైపు చేయాలి. అది పెట్టిన క్రెడెన్షియల్‌ను షెడ్యూల్ మీద నడిచే జాబ్‌కు వాడలేము. రాత్రి రెండు గంటలకు సమాధానం చెప్పే మనిషి అక్కడ ఉండడు.

ఎవరికి ఏ హక్కు

క్రెడెన్షియల్‌పై రీడ్, యూజ్, అడ్మిన్ అనే మూడు పాత్రలున్నాయి. టెంప్లేట్‌కు జత చేయడానికి యూజ్ కావాలి. అయితే ఇప్పటికే జత చేసిన టెంప్లేట్‌ను నడపడానికి ఆ టెంప్లేట్‌పై ఎగ్జిక్యూట్ హక్కు ఉంటే చాలు, క్రెడెన్షియల్‌పై ఏ హక్కూ అక్కరలేదు. ఈ ఏర్పాటు మొత్తంలో అత్యంత విలువైన గుణం ఇదే. రాత్రి షిఫ్టులో ఉన్న ఉద్యోగి ప్రొడక్షన్‌లో సర్వీసును రీస్టార్ట్ చేయగలడు, ప్రొడక్షన్ కీని మాత్రం ఎన్నడూ చూడడు. కాబట్టి ఆపరేటర్లకు ఎగ్జిక్యూట్ మాత్రమే ఇవ్వండి, యూజ్ పాత్రను టెంప్లేట్లు తయారు చేసే కొద్దిమందికే ఉంచండి.

యూజ్ పాత్ర ఇస్తే విలువ కనిపించదు కదా అని ధీమా పడకండి. తెర మీద కనిపించకపోవచ్చు. కానీ యూజ్ హక్కు, సొంత ప్రాజెక్ట్, టెంప్లేట్ తయారు చేసే హక్కు మూడూ ఉన్నవారు, ఆ విలువను బయటపెట్టే ప్లేబుక్ రాసి నడపగలరు. అదేవిధంగా, టెంప్లేట్ వాడే గిట్ శాఖలోకి నేరుగా మార్పులు పంపగలిగేవారి చేతిలో, ఆ టెంప్లేట్‌కు జత చేసిన క్రెడెన్షియల్స్ అన్నీ ఉన్నట్లే భావించండి. ప్రొడక్షన్ టెంప్లేట్లు వాడే శాఖకు సమీక్ష లేకుండా మార్పులు చేరకుండా రక్షణ పెట్టండి. ప్రాజెక్ట్‌లో శాఖను మార్చుకునే అనుమతి ఇచ్చి, టెంప్లేట్‌లో దానిని ప్రాంప్ట్‌గా పెడితే, సమీక్ష జరగని శాఖను కూడా ప్రొడక్షన్ కీలతో నడపవచ్చు. ప్రొడక్షన్ టెంప్లేట్లలో ఆ ప్రాంప్ట్ ఉండకూడదు.

మార్పిడి, భద్రత

కీని మార్చవలసినప్పుడు కొత్త క్రెడెన్షియల్ తయారు చేయకుండా, ఉన్నదానిలోనే విలువను మార్చండి. టెంప్లేట్లన్నీ ఆ క్రెడెన్షియల్‌నే సూచిస్తాయి కాబట్టి తరువాత మొదలయ్యే ప్రతి జాబ్ కొత్త విలువతో నడుస్తుంది. పాత కీని రద్దు చేయకముందు, ఆ సమయంలో నడుస్తున్న జాబ్‌లు ముగిశాయో లేదో చూడండి. క్రెడెన్షియల్‌ను తొలగించబోయినప్పుడు, అది ఇంకా వాడుకలో ఉందనే హెచ్చరిక వస్తే తొందరపడి ముందుకు వెళ్లకండి. ఏ టెంప్లేట్ దానిని వాడుతోందో చూసి, అక్కడ బదులు అమర్చాకే తొలగించండి. ఎవరు ఎప్పుడు ఏ క్రెడెన్షియల్‌ను జత చేశారో, విడదీశారో యాక్టివిటీ స్ట్రీమ్‌లో నమోదవుతుంది.

మీ సంస్థలో హాషికార్ప్ వాల్ట్, సైబర్‌ఆర్క్, అజూర్ కీ వాల్ట్ వంటి రహస్యాల భాండాగారం ఉంటే, విలువలను ఏడబ్ల్యూఎక్స్‌లో నిల్వ చేయనక్కరలేదు. ముందుగా ఆ భాండాగారాన్ని చేరే లుకప్ క్రెడెన్షియల్ ఒకటి తయారు చేసి, తరువాత మెషీన్ లేదా మరే క్రెడెన్షియల్‌లోనైనా పాస్‌వర్డ్ గడి పక్కనున్న తాళంచెవి గుర్తును నొక్కి, రహస్యం ఉన్న దారిని, దాని పేరును ఇవ్వండి. పరీక్షించే మీట అక్కడే ఉంటుంది, తప్పకుండా వాడండి. జాబ్ మొదలయ్యేటప్పుడు విలువ అక్కడి నుంచి వస్తుంది. ఈ పద్ధతిలో భాండాగారం ఆగిపోతే జాబ్‌లు కూడా మొదలుకావు కాబట్టి, ఆ భాండాగారాన్నే తిరిగి నిలబెట్టే జాబ్‌లకు మాత్రం రహస్యాలను ఏడబ్ల్యూఎక్స్‌లోనే ఉంచండి.

చివరిగా బ్యాకప్. సీక్రెట్ గడుల విలువలు డేటాబేస్‌లో ఎన్‌క్రిప్ట్ అయి ఉంటాయి, ఏపీఐలో అడిగినా ఎన్‌క్రిప్టెడ్ అనే మాట మాత్రమే కనిపిస్తుంది. వాటిని విప్పే మూల తాళంచెవి డేటాబేస్‌లో ఉండదు. పాత పద్ధతి ఇన్‌స్టాలేషన్‌లో అది టవర్ సెట్టింగ్స్ డైరెక్టరీలో సీక్రెట్ కీ అనే ఫైలుగా, కుబెర్నెటీస్‌లో ఒక సీక్రెట్ వస్తువుగా ఉంటుంది. డేటాబేస్‌ను మాత్రమే బ్యాకప్ తీసుకుని ఈ కీని వదిలేస్తే, కొత్త చోట టెంప్లేట్లు, ఇన్వెంటరీలు అన్నీ తిరిగి వస్తాయి కానీ క్రెడెన్షియల్స్ ఒక్కటీ తెరుచుకోదు, అన్నిటినీ మళ్లీ నింపవలసి వస్తుంది. కాబట్టి కీని కూడా బ్యాకప్ తీసుకోండి, అయితే డేటాబేస్ బ్యాకప్ ఉన్న చోట కాకుండా వేరే చోట, వేరే వ్యక్తుల అధీనంలో ఉంచండి. ఆ కీ బయటపడిందన్న అనుమానం వస్తే, దానిని మార్చి విలువలన్నిటినీ తిరిగి ఎన్‌క్రిప్ట్ చేసే ఆదేశం ఏడబ్ల్యూఎక్స్ మేనేజ్ పరికరంలో ఉంది. దానిని నడిపిన తరువాత సర్వర్లు, క్లౌడ్ ఖాతాల దగ్గర అసలు కీలను, పాస్‌వర్డ్‌లను కూడా ఒక్కొక్కటిగా మార్చండి.